పాత ప్రోగ్రామ్ పిలిస్తే పలకాలి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ. ఈ మూడు ఊళ్ళ మధ్య ఉడికిన ప్రతి మెతుకూ నా కోడ్ దాటుకొని కంచంలోకి వచ్చిందే.

ఈ మాట ఆ మధ్య కోదాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో అంటే పిల్లలు చప్పట్లు కొట్టారు. వెనక వరుసలో ఒక అమ్మాయి మాత్రం లేచి నిలబడింది. "సార్, మేం తినేటివి మా పొలం బియ్యమే. మా ఊరి గిర్నీల పట్టిస్తం. దాంట్ల కంప్యూటరే లేదు" అన్నది. కూర్చో తల్లీ అన్నాను. తిరుగు బస్సులో సూర్యాపేట వచ్చేదాకా అదే ఆలోచన. నిజం చెప్పాలంటే, ఈ చుట్టుపక్కల నా కోడ్ నడిచిన మిల్లులు రెండు చేతుల వేళ్ళకు కాస్త ఎక్కువ, అంతే. అయితే నడిచిన చోట ఏళ్ళ తరబడి నడిచింది. కంప్యూటర్లు మారాయి, కెమెరాలు మారాయి, యజమానులు మారారు, అది మాత్రం నడిచింది. ఇందులో అతిశయం లేదు. అతిశయం వచ్చిన చోట నేనే ఆగి చెప్తాను. ఆ అలవాటు రిటైరయ్యాక వచ్చింది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం రాస్తున్నాను. జీతాలు, ప్రమోషన్ల సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. వాటి జోలికి పోను.

అసలు ఏం పని చేశాను

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే మా ఆవిడ "కంప్యూటర్ల పని" అనేది. మా నాయన "ఏదో కరెంటు పని" అనేవాడు. ఇద్దరి మాటా తప్పు కాదు.

బియ్యం మిల్లులో చివరి మెట్టు కలర్ సార్టర్ అనే యంత్రం. పైనుంచి బియ్యం ఏటవాలు రేకుల మీద జారి పడుతుంటే కెమెరాలు ఒక్కో గింజనూ చూస్తాయి. నల్ల మచ్చ ఉన్న గింజో, రంగు మారిన గింజో, మట్టి పెళ్ళో కనబడితే కింద వరుసగా బిగించిన గాలి నాజిళ్ళలో ఒకటి టప్పున ఊది దాన్ని పక్క గొట్టంలోకి తోసేస్తుంది. ఇదంతా కనురెప్ప పడేలోపు అయిపోతుంది.

దీన్ని నడిపే కంప్యూటర్‌ను రెండంతస్తుల ఇల్లు అనుకోండి. పై అంతస్తులో ఆపరేటర్ చూసే ప్రోగ్రామ్ ఉంటుంది, బటన్లతో, బొమ్మలతో. కింది అంతస్తులో కెర్నల్. కెమెరాలు, నాజిళ్ళు, దీపాలు అన్నీ కెర్నల్ చేతిలోవే. కెర్నల్లో ఒక్కో పరికరం బాగోగులు చూసే భాగాన్ని డ్రైవర్ అంటాం. ఆ నాజిళ్ళ డ్రైవర్ నాది.

పై ప్రోగ్రామ్‌కు నాజిల్ ఊదించాలని ఉంటే నేరుగా చెయ్యి పెట్టడానికి లేదు. కిందికి ఒక పిలుపు పంపాలి. దాన్ని మేం కంట్రోల్ కాల్ అంటాం. అందులో ఉండేవి ఒక నంబరూ, ఒక పొట్లమూ. ఏ పని కావాలో నంబరు చెప్తుంది. ఏ నాజిల్, ఎంతసేపు, ఎంత గట్టిగా అన్న వివరాలు పొట్లంలో గడులు గడులుగా ఉంటాయి.

మా నాయన గొర్రెలు కాసేవాడు. మూసీ కాలువ గట్టున రెండు మందలు కలిసిపోతే గొర్రె చెవికి కోసిన గాటు చూసి ఏది ఎవరిదో చెప్పేవాడు. మా నంబరు కూడా అలాంటి గాటే. ఏ డ్రైవర్ కోసం, ఏ పని, పొట్లం పొడవెంత అన్న మూడూ కలిపి అందులో కోసి ఉంటాయి. ఒకసారి కోసి బయటికి తోలాక ఆ గాటు మార్చకూడదు. ఆ నంబరును నమ్ముకున్న ప్రోగ్రామ్ ఏ మిల్లులో, ఏ మూల, తవుడు దుమ్ములో మునిగి పని చేస్తోందో మనకేం తెలుసు? దాన్ని రాసినవాడు ఉద్యోగమైనా మారి ఉంటాడు, వ్యాపారమైనా పెట్టుకొని ఉంటాడు.

అందుకే మా పనిలో ఒకటే కట్టుబాటు. కింద కెర్నల్ ఎంత మారినా పైనున్న ప్రోగ్రామ్‌కు ఆ సంగతి తెలియకూడదు. నిన్న పలికిన పిలుపుకు రేపూ పలకాలి.

ఈ కట్టుబాటు లోకానికి నేర్పింది నేనే.

కాదు లెండి. నేను డిగ్రీలో ఉన్నప్పటి నుంచే కెర్నల్ రాసే పెద్దలు దాన్ని పాటిస్తున్నారు. వాళ్ళకు నేనొకసారి చిన్న సవరణ మెయిల్ చేశాను. జవాబు వచ్చింది. దాన్ని చాలాకాలం వచ్చినవాళ్ళందరికీ చూపించాను. మీ మెయిల్ అందింది అని యంత్రం దానంతటదే పంపిన జవాబు అది.

శకుంతల మేడం, ఖాళీ గడి

హైదరాబాద్‌లో నా మొదటి బాస్ శకుంతల మేడం. నల్లగొండ మనిషి. గొంతు పెంచేది కాదు. మన కోడ్ చదివేటప్పుడు పెన్ను మూత తీసిందంటే ఆ పూట అన్నం సయించేది కాదు.

పొట్లం కట్టేటప్పుడు రేపటి అవసరాల కోసం ఒకటి రెండు గడులు ఖాళీగా వదులుతాం. నా మొదటి డ్రైవర్లోనూ అట్లాగే ఒక గడి వదిలాను. మేడం దాని మీద పెన్ను పెట్టింది.

"దీంట్ల ఏమొస్తది?"

"ఏం రాదు మేడం. ఖాళీ."

"ఖాళీ అని నువ్వు అనుకుంటున్నవ్. సున్నా ఉన్నదా లేదా అని సూస్తున్నవా?"

"ఎవరు వాడుతరు మేడం దాన్ని?"

"సూర్యాపేట బస్టాండు వెనక ఖాళీ ప్లాట్లు సూసినవా బీరయ్యా? గోడ కట్టకపోతే ఏమైతది? ఊరోళ్ళ చెత్తంత ఆడనే పడ్తది. పదేండ్లకు నువ్వు ఇల్లు కడ్తనని పోతే ముందుగాల చెత్త ఎత్తాలె. సున్నా గాకుంట ఇంకేమన్న ఉంటే పిలుపును వాపస్ పంపు. గోడ ఇప్పుడే కట్టు."

కడతాను అన్నాను. కట్టలేదు. అప్పటికే మొదటి యంత్రం లారీ ఎక్కడానికి తయారుగా ఉంది, నాకేమో పెళ్ళిచూపులకు పోవాలి. తర్వాత చూద్దామనుకున్నాను. మా పనిలో "తర్వాత" అన్నది ఉండదు. వస్తువు గుమ్మం దాటిందంటే అందులో ఉన్నదంతా ఒప్పందమే, మనం మరిచిపోయినది కూడా.

మేడం లాంటి బాస్ దొరకడం అదృష్టం. ఆమె మాట విని ఉంటే ఇంకా అదృష్టం.

మిర్యాలగూడ నుంచి ఫోన్

ఇక మిగతాదంతా ఒక్క మిల్లు కథ. నేను రిటైరయ్యే ముందు ఏడాది జరిగింది. ఇంత ఉద్యోగంలో ఏం చేశావని అడిగితే నేను చెప్పుకునేది ఇదే.

మిర్యాలగూడ నుంచి వాడపల్లి పోయే రోడ్డు మీద అనసూయమ్మ గారి మిల్లు. భర్త పోయాక మిల్లు ఆమే నడుపుతోంది. వర్షాకాలం మొదట్లో పిడుగు పడి కలర్ సార్టర్ కంప్యూటర్ మాడిపోయింది. యంత్రానికేం కాలేదు, కంప్యూటరే పోయింది. అలాంటి పాత కంప్యూటర్ ఎక్కడా దొరకక, మా కంపెనీ వాళ్ళు కొత్తది పంపారు. పాత ప్రోగ్రామ్‌ను అందులోకి ఎక్కించారు. అది కళ్ళు తెరిచింది, బటన్లన్నీ చూపించింది. నొక్కితే మాత్రం ఒక్క నాజిలూ ఊదలేదు.

ఆమె నేరుగా నాకే ఫోన్ చేసింది.

"బీరయ్య సారూ, మిషన్ మంచిగనే ఉన్నది, బొమ్మ మంచిగనే వస్తున్నది, పని మాత్రం చేస్తలేదు. మా పెద్ద మరిది లెక్కనే ఉన్నది."

"నేను సూస్తనమ్మా."

"జర జల్ది సూడున్రి. సర్కారు వడ్లు తీసుకున్న. గడువు లోపట బియ్యం ఇయ్యకపోతే వచ్చే సీజన్‌కు వడ్లు ఇయ్యరు. ఇగ మిల్లు ఖతం."

ఆమె పెంచి చెప్పలేదు. ఆ బియ్యంలో రంగు మారిన గింజలు ఎక్కువుంటే సర్కారు గోదాములో దింపుకోరు, లారీని అట్లాగే తిప్పి పంపుతారు. సార్టర్ లేనిదే ఆ బియ్యం నెగ్గదు. కొత్త సార్టర్ కొనే తాహతు ఆమెకు లేదు. మా కొత్త ప్రోగ్రామ్ వేద్దామంటే అది పాత కెమెరాలతో మాట్లాడదు. పాత ప్రోగ్రామ్‌ను కొత్త కంప్యూటర్‌కు తగ్గట్టు మళ్ళీ తయారుచేద్దామంటే, దాన్ని రాసిన చిన్న కంపెనీ ఎప్పుడో మూతపడింది, దాని సోర్స్ కోడ్ ఎవరి దగ్గరా లేదు. ఇక మిగిలింది ఒక్కటే దారి. ఉన్న పాత ప్రోగ్రామ్ ఉన్నట్టుగా కొత్త కెర్నల్ మీద నడవాలి.

అప్పటి మా బాస్ ప్రసాద్. కోదాడ కుర్రాడు, వయసులో నాకంటే చాలా చిన్న. ఆ వారం సెలవులో సొంతూళ్ళో ఉన్నాడు. ఫోన్లో అడిగితే ఒక్క మాటలో తేల్చేశాడు.

"ఆ మిషన్‌కి సపోర్ట్ అయిపోయిందని లెటర్ రాసేద్దామండీ బీరయ్య గారూ. ఎన్నేళ్ళని మోస్తామండీ పాత నంబర్లని? మీరు రిటైరైపోతారు, తర్వాత మొయ్యాల్సింది మేమే కదా."

అది తీసిపారేసే మాట కాదు, ఇప్పటికీ అంటాను. మనం నిలబెట్టే ప్రతి పాత పిలుపూ మన తర్వాత వచ్చేవాళ్ళ నెత్తి మీద బరువే. కానీ ఎవరి మిల్లు ఆగుతుందో తెలిసీ బరువు దించుకోవడం నాకు చేతకాలేదు. "లెటర్ నాలుగు రోజులాగి రాయి బాబూ" అని చెప్పి మిర్యాలగూడ బస్సెక్కాను.

రెండో గేటు

మొదటి జబ్బు ఒక పూటలో దొరికింది. ఒక గంటలో దొరికిందని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాను, పూటే.

పాత కంప్యూటర్ ముప్పై రెండు బిట్లది, కొత్తది అరవై నాలుగు. మా పొట్లంలో ఒక గడి మిగతా వాటికంటే పెద్దది, మొత్తం గింజల లెక్క పట్టే గడి. పాత కంప్యూటర్ దాన్ని ముందున్న గడికి ఆనించి పెట్టేది. కొత్త కంప్యూటర్ అలా పెట్టదు. పెద్ద గడి తనకు నచ్చిన హద్దు దగ్గరే మొదలవ్వాలని మధ్యలో సందు వదులుతుంది. సందు వస్తే పొట్లం పొడవు పెరిగింది. పొడవు పెరిగితే నంబరు మారింది, పొడవు నంబరులోనే కోసి ఉంది కదా. పాత ప్రోగ్రామ్ పాత నంబరుతో పిలుస్తోంది. కొత్త డ్రైవర్ ఆ నంబరు నేనెరగనని తలుపేసుకుంటోంది. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు.

దీనికి కెర్నల్లోనే ఏర్పాటు ఉంది. పాత రకం ప్రోగ్రామ్‌ల పిలుపులు వేరే గేటు నుంచి లోపలికి వస్తాయి. ఆ గేటు దగ్గర డ్రైవర్ తరఫున కొంచెం కోడ్ నిలబెట్టాలి. అది పాత నంబరును గుర్తుపట్టి, పాత పొట్లం విప్పి, గడి తర్వాత గడిని కొత్త పొట్లంలోకి సర్ది లోపలికి పంపాలి. జవాబును మళ్ళీ పాత తీరులో కట్టి ఇవ్వాలి. మా డ్రైవర్లో ఆ గేటు దగ్గర ఎవరినీ నిలబెట్టలేదు. నేను నిలబెట్టాను. నా సొంత పరీక్ష ప్రోగ్రామ్‌తో అన్ని పిలుపులూ చూశాను. అన్నీ పలికాయి.

మిల్లు ప్రోగ్రామ్ నడిపించాం. నాజిళ్ళు టపటపా ఊదాయి. నల్ల గింజలు పక్క గొట్టంలో, తెల్ల బియ్యం ముందు గొట్టంలో. ఆపరేటర్ లింగయ్య యంత్రానికి కొబ్బరికాయ కొట్టాడు. అనసూయమ్మ స్వీట్ల డబ్బా తెప్పించింది. నేను కుర్చీ వెనక్కి వాల్చి కెర్నల్ అంటే ఏమిటో హమాలీలకు ఉపన్యాసం ఇచ్చాను. వాళ్ళు స్వీట్లు అయ్యేదాకా విన్నారు.

చెత్తను కూడా నమ్మకంగా

మర్నాడు మిల్లులోకి అడుగు పెట్టేసరికి లింగయ్య రెండు పళ్ళేలు పట్టుకొని ఎదురొచ్చాడు.

"సారూ, నీ కంప్యూటర్‌కు బియ్యం మీద పగ ఉన్నట్టున్నది."

ఒక పళ్ళెంలో పక్క గొట్టం నుంచి తీసింది, అందులో తెల్లటి మంచి బియ్యం. రెండో పళ్ళెంలో ముందు గొట్టం నుంచి తీసింది, అందులో నల్ల గింజలు.

"నిన్న మంచిగనే నడిచింది గద?"

"నిన్న నడిచింది. ఇయాల పొద్దున బంద్ చేసి మళ్ళ షురూ జేసిన. గప్పటి సంది గిట్లనే. దిక్కు మంచిగ లేదు సారూ. పాతది తూర్పు దిక్కు సూస్తుండె. నీది దక్షిణం సూస్తున్నది."

"దిక్కుకూ దీనికీ సంబంధం లేదు లింగయ్యా. గాలి ప్రెషర్ తక్కువున్నది. నాజిళ్ళు ఊడదీసి తుడువు."

నాకు కోడ్ మీద అంత నమ్మకం. లింగయ్య గొణుక్కుంటూ నాజిళ్ళన్నీ ఊడదీశాడు, తుడిచాడు, బిగించాడు. కంప్రెసర్ విప్పించాను. ఆ రోజంతా దానికే పోయింది. బియ్యం అట్లాగే ఉంది. చివరికి కంప్యూటర్ బల్లను తూర్పుకు కూడా తిప్పాం. తిప్పమన్నది లింగయ్యే. పట్టుకున్న రెండో చెయ్యి నాది. అప్పుడూ అట్లాగే ఉంది.

అనసూయమ్మ వచ్చి పళ్ళెంలో బియ్యం అరచేతిలోకి తీసుకొని చూసింది. "ఎల్లుండి లారీ పోవాలె సారూ. అదే ఆఖరు" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆమె తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

అప్పుడు చేయాల్సిన పని చేశాను, ముందే చేసి ఉండాల్సిన పని. పాత ప్రోగ్రామ్ నుంచి వచ్చే పొట్లాన్ని గేటు దగ్గరే ఆపి, ఒక్కో గడిలో ఏముందో తెర మీద అచ్చు వేయించాను. నాజిల్ సరిగ్గా ఉంది. సమయం సరిగ్గా ఉంది. ఖాళీ గడిలో అర్థం పర్థం లేని పెద్ద అంకె. ప్రోగ్రామ్ ఆపి మళ్ళీ మొదలుపెడితే ఇంకో అంకె. ఇంకోసారి సున్నా.

చిక్కుముడి అక్కడ విడిపోయింది. ఆ ప్రోగ్రామ్ రాసినవాళ్ళు ఖాళీ గడిని ఎన్నడూ తుడవలేదు. మెమరీలో అంతకుముందు ఏది ఉంటే అదే అందులో మిగిలి వస్తోంది. నా మొదటి డ్రైవర్ ఆ గడిని చూడనే చూడదు గనుక ఇన్నేళ్ళూ ఇబ్బంది రాలేదు. తర్వాత వచ్చిన ప్రసాద్ బృందం, ఖాళీగానే ఉంది కదా అని, కొత్త పెద్ద యంత్రాల కోసం ఆ గడికి ఒక పని ఇచ్చింది. గింజను చూశాక ఊదడానికి ఎంత ఆలస్యం చేయాలో ఆ గడి చెప్తుంది. అంటే ఇక్కడ పాత ప్రోగ్రామ్ పంపే చెత్త అంకెను కొత్త డ్రైవర్ ఆలస్యంగా చదువుతోంది. నల్ల గింజ దాటిపోయాక నాజిల్ ఊదుతోంది. వెనకొచ్చే తెల్ల గింజకు దెబ్బ తగులుతోంది. మొదటి రోజు ఆ గడిలో అదృష్టవశాత్తూ సున్నా పడింది. మేం స్వీట్లు తిన్నాం.

మరి నా గేటు కోడ్? అది గడి తర్వాత గడిని ఎంతో నమ్మకంగా సర్ది పంపింది, చెత్తను కూడా. నా పరీక్ష ప్రోగ్రామ్‌లో ఇది బయటపడలేదు, అందులో నేను అన్ని గడులూ శుభ్రంగా తుడిచి పంపుతాను కదా. పిల్లలూ, పాత ప్రోగ్రామ్‌ను పరీక్షించాలంటే ఆ పాత ప్రోగ్రామ్‌నే నడపండి. మీరు రాసిన పరీక్ష మీలాగే మర్యాదగా ఉంటుంది. లోకం అలా ఉండదు.

ప్రసాద్‌తో పంచాయితీ

ఫోన్ చేస్తే ప్రసాద్ కోదాడ నుంచి కారులో మర్నాడు పొద్దున్నే దిగాడు. లెటర్ సంగతి ఎత్తలేదు. తెర మీద అంకెలు చూశాడు, కుర్చీ లాక్కొని కూర్చున్నాడు.

"ఆ గడిలోంచి ఆలస్యాన్ని తీసెయ్ బాబూ. అది నా గడి" అన్నాను.

"మీ గడేంటండీ? ఖాళీ అని రాసుంది. ఖాళీ అంటే ఎవరైనా వాడుకోవచ్చనే కదా?"

"వాడేముందు ఒక మాట అడగొద్దా?"

"మీరు సున్నా చూసుంటే అడగక్కర్లేదు కదండీ. చెత్త పంపే ప్రోగ్రామ్ మొదటి రోజే పట్టుబడేది. వాళ్ళు అప్పుడే సరిచేసుకునేవాళ్ళు."

నాకు శకుంతల మేడం గొంతు వినబడింది. అయినా తగ్గలేదు. "ఇప్పుడది కాదు. తీసెయ్."

"తీసేస్తే కోదాడలో, సూర్యాపేటలో మనం పెట్టిన కొత్త మిషన్లు ఆగిపోతాయండీ. వాటి ప్రోగ్రామ్‌లు ఆలస్యాన్ని ఆ గడిలోనే పంపుతున్నాయి. నిన్న పలికిన పిలుపుకు రేపూ పలకాలని మీరే కదండీ మాకు నేర్పింది? కొత్త మిల్లులది మాత్రం పిలుపు కాదా?"

నా కట్టుబాటు తీసుకొచ్చి నా మెడకే చుట్టాడు. అనసూయమ్మ మిల్లు నడిపిస్తే ఆ మిల్లులు ఆగుతాయి. వాటిని నడిపిస్తే ఈమె లారీ ఆగుతుంది. నంబరు ఒకటే, గడి ఒకటే, అర్థాలు రెండు.

గొంతులు పెద్దవయ్యాయేమో, అనసూయమ్మ ద్వారం దగ్గరికి వచ్చి నిలబడింది.

"మీ ఇద్దరి పంచాయితీ ఎప్పుడు ఒడుస్తది సారూ? లారీ రేపు పొద్దుగాల్ల పోవాలె. మీరు గిట్లనే కూసుంటే నేను చాటలేసుకొని ఆడోళ్ళతోని చెరిగిస్త. గాని లారీ నిండేసరికి దసరా అయితది."

"అయిపోయిందండీ, రెండు గంటలు టైమివ్వండి" అన్నాడు ప్రసాద్, ఏమీ అవ్వకముందే. ఆ ధైర్యం చూసి నాకు అతని మీద మొదటిసారి ముచ్చటేసింది.

ఉపాయం మెరుపులా నాకే తట్టింది. ఆ గడిని వాడే కొత్త ప్రోగ్రామ్‌లన్నీ అరవై నాలుగు బిట్లవి, మామూలు గేటు నుంచి వస్తాయి. ఆ గడి పుట్టకముందటి పాత ప్రోగ్రామ్‌లన్నీ రెండో గేటు నుంచి వస్తాయి. కాబట్టి రెండో గేటు దగ్గర ఆ గడిలో ఏమున్నా చూడకుండా సున్నా పెట్టి పంపితే చాలు. మామూలు గేటును ముట్టుకోనక్కర్లేదు. పాతవాళ్ళూ బతుకుతారు, కొత్తవాళ్ళూ బతుకుతారు.

నాకే తట్టిందని రిటైర్మెంట్ సభలో కూడా చెప్పాను. ప్రసాద్ ముందు వరుసలో కూర్చొని తల ఊపాడు. ఇప్పుడు రాతలో పెడుతున్నాను కాబట్టి నిజం చెప్పాలి. "రెండో గేటు నుంచి వచ్చేవాళ్ళలో ఆ గడి సంగతి తెలిసినవాళ్ళు ఒక్కరైనా ఉన్నారాండీ?" అని అడిగింది ప్రసాద్. నేను చేసిందల్లా "లేరు" అనడం. మిగతాదంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

కోడ్‌లో మారింది ఒక్క వరుస. ఒకే వరుసతో వదల్లేదు అతను. రేపు ఎవరైనా రెండో గేటు నుంచి వచ్చే కొత్త ప్రోగ్రామ్ రాస్తే ఈ సున్నా వాళ్ళకు అడ్డం పడుతుందని, ఆలస్యం కోసం వేరే కొత్త నంబరు కూడా పుట్టించాడు. అందులోనూ ఒక ఖాళీ గడి వదిలాడు. దానికి మాత్రం గోడ కట్టాడు. సున్నా లేకపోతే పిలుపు వెనక్కి. ఆ వరుస రాస్తూ నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి వడ్లు పైకి మోసే ఎలివేటర్ వైపు చూశాను.

నా బాసుల్లో నన్ను గెలిచి కూడా నన్ను చిన్నబుచ్చనివాడు ప్రసాద్ ఒక్కడే.

లారీ

ఈసారి కొబ్బరికాయ వద్దన్నాను. ప్రోగ్రామ్‌ను ఆపడం, మొదలుపెట్టడం, లింగయ్య పళ్ళెం పట్టడం. మళ్ళీ ఆపడం, మొదలుపెట్టడం, పళ్ళెం. ఖాళీ గడిలోకి ఎలాంటి చెత్త వచ్చినా పళ్ళెంలో బియ్యం తెల్లగానే ఉన్నాయి. విసుగొచ్చి లింగయ్య "ఇగ సాలు సారూ, మిషన్ కన్న ముందు నా చేతులు పడిపోతయ్" అనేదాకా చూశాం.

అనుకున్నట్టే లారీ పొద్దున్నే గోదాముకు పోయింది. అనసూయమ్మ గేటు పక్కన కుర్చీ వేసుకుంది. నేనూ ప్రసాదూ గోనె సంచుల మీద కూర్చున్నాం. బియ్యం నెగ్గకపోతే లారీ నిండుగా తిరిగొస్తుంది. ఆ రోడ్డున సిమెంటు లారీలు, ధాన్యం లారీలు పోతూనే ఉంటాయి. ప్రతి చప్పుడుకూ ఆమె తల తిప్పేది.

చివరికి ఒక లారీ మలుపు తిరిగింది. ముందు దాని చప్పుడు వినబడింది. గొలుసులు, వెనక పలకలు గలగలా కొట్టుకుంటున్నాయి. నిండు లారీ అలా మోగదు. డ్రైవర్ కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి ఊపాడు.

అనసూయమ్మ లేచి కొంగుతో మొహం తుడుచుకొని, నేరుగా సార్టర్ దగ్గరికి పోయింది. తెర ముందు నిలబడి కాసేపు చూసింది. తర్వాత నన్ను పిలిచింది.

"సారూ, ఒక్క మాట అడుగుత, ఏమనుకోవద్దు. బటన్లు గవ్వే ఉన్నయ్. బొమ్మ గదే ఉన్నది. మా లింగయ్య తిట్లు గవ్వే. ఏం మారనే లేదు. మరి గిన్ని దినాలు గీడ కూసోని మీరు ఏం జేసిన్రు?"

ప్రసాద్ నవ్వాపుకోలేక బయటికి పోయాడు. ఇంత ఉద్యోగంలో నా పనికి ఎవరూ ఇవ్వని యోగ్యతా పత్రం ఆమె తెలియకుండానే చదివేసింది. ఒక్కటీ మారనట్టు కనబడాలని కాదూ ఇన్నేళ్ళూ కూర్చున్నది?

ఆమె నా మొహం చూసి ఏమనుకుందో, "సరేతీయ్. పని చేసినా చేయకున్నా ఆకలైతే అయితది గద" అని ఇంటికి పిలిచింది. ఆ మిల్లు బియ్యమే వండించింది. ఆ కంచం ముందు కూర్చుంటే నాకు కలిగిన గర్వం నా పెళ్ళిలో కూడా కలగలేదు. కంచం నిండా మల్లెపూల లాంటి అన్నం. నల్ల గింజ ఒక్కటంటే ఒక్కటి లేదు.

సరే, ఒకటి ఉంది. లింగయ్య చూసేలోపు మింగేశాను.